ఫ్రెట్లు మార్చాక బాస్ గిటార్‌లో బజ్: రిపేరు డైరీ

శనివారం: పరిస్థితి

కొత్త ఫ్రెట్లతో (నెక్ అనే పొడవాటి మెడ మీద అడ్డంగా దిగ్గొట్టే సన్నటి లోహపు కడ్డీలు) నా బాస్ గిటార్ ఇంటికొచ్చింది. చూడ్డానికి పని శుభ్రంగా ఉంది, నెక్ పక్కల చెయ్యి పెట్టి రాస్తే ఎక్కడా గుచ్చుకోవడం లేదు, పాలిష్ మెరిసిపోతోంది, వాయిస్తే మాత్రం సగం నోట్లు గరగరమంటున్నాయి (బజ్ అనేది దీన్నే). ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ మోడల్ తరహా బాస్ ఇది, 34 అంగుళాల స్కేలు (తీగ మోగే పొడవు), 20 ఫ్రెట్లు, రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డు, 45-100 తీగల సెట్టు (అన్నిటికన్నా సన్న తీగ లావు 0.045 అంగుళం, లావు తీగది 0.100). పాత ఫ్రెట్లు రౌండ్‌వౌండ్ (పైన గుండ్రటి వైరు చుట్టిన) తీగల దెబ్బకి గుంటలు పడి బాగా అరిగిపోయాయి కాబట్టి మార్పించక తప్పలేదు.

షాపతనికి ఫోన్ చేస్తే "కొత్త ఫ్రెట్లు కదన్నా, నాలుగు రోజులు వాయిస్తే అదే సెట్ అయిపోతుంది" అన్నాడు. చెక్కలోకి దిగ్గొట్టిన లోహం వాయిస్తే అరుగుతుందేమో గానీ సెట్ అవడం ఏమిటో నాకు అర్థం కాలేదు. గట్టిగా అడిగితే "అయితే బ్రిడ్జ్ దగ్గర కాస్త లేపెయ్యండి" అన్నాడు. బజ్ అనగానే అందరూ ఇచ్చే సలహా ఇదే, నాకు మాత్రం ససేమిరా నచ్చదు. శాడిళ్లు (బాడీ మీది బ్రిడ్జ్‌లో ఒక్కో తీగ ఆనే ముక్కలు) లేపితే బజ్ చాలావరకు పోతుంది, నిజమే. దాంతోపాటు వాయించే సుఖం కూడా పోతుంది, పైగా అసలు తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తెలియదు. మోటౌన్ అనే అమెరికన్ సంస్థ రికార్డుల్లో బాస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తీగలు ఎంతో ఎత్తులో పెట్టుకుని ఆ పాటలన్నీ వాయించాడని చెప్పుకుంటారు, ఆయన వేళ్లు వేరు, నా వేళ్లు వేరు.

అందుకని ఈ రాత్రి స్క్రూ దేన్నీ ముట్టుకోలేదు. నోట్‌బుక్‌లో నాలుగు నిలువు గీతలు, ఇరవై అడ్డగీతలు గీసి, ఆంప్‌కి కనెక్ట్ చేయకుండా ఒక్కో తీగ మీద ఒక్కో ఫ్రెట్ నొక్కి ఒకే బలంతో మీటుతూ బజ్ వచ్చిన చోటల్లా ఇంటూ పెట్టుకుంటూ వెళ్లాను. (ఇక్కణ్నుంచి ఒకటో తీగ అంటే సన్నటి జి, నాలుగోది అంటే లావుపాటి లో-ఈ.) విసుగు పుట్టించే పనే, కానీ ఆ పేజీ చూడగానే ఇక్కడున్నవి మూడు వేర్వేరు జబ్బులని తెలిసిపోయింది.

ఓపెన్ (ఏ ఫ్రెట్టూ నొక్కకుండా) నుంచి ఐదో ఫ్రెట్ దాకా అన్ని తీగలూ గరగర, లావు తీగలు మరీ ఎక్కువ. ఆరు నుంచి పదకొండు దాకా ఫర్వాలేదు. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఒకటో రెండో తీగలు మాత్రం నోరు నొక్కినట్టు చచ్చిపోతున్నాయి, పదమూడు దాటాక మళ్లీ శుభ్రంగా ఉన్నాయి. మూడోది కొంచెం విచిత్రం: నాలుగో తీగ ఓపెన్‌గా మీటితే వచ్చే గరగర, అదే తీగని ఒకటో ఫ్రెట్ దగ్గర నొక్కితే వచ్చే గరగర ఒకేలా లేవు. ఓపెన్‌లో వచ్చేది బాగా ముతకగా, నట్ (నెక్ పై చివర తీగలు ఆనే, గాళ్లున్న ముక్క) దగ్గరే పుడుతున్నట్టు వినిపిస్తోంది.

మొదటి నాలుగైదు ఫ్రెట్లలోనే బజ్ ఉంటే నెక్ వెనక్కి వంగిందేమో చూడాలి. పై ఫ్రెట్లలోనే ఉంటే యాక్షన్ (ఫ్రెట్ల పైన తీగల ఎత్తు) మరీ తక్కువైనా అయ్యుండాలి, బాడీ కలిసే చోట నెక్ లేచి అయినా ఉండాలి. ఒక్క నోటే చస్తుంటే దాని పక్క ఫ్రెట్ ఎత్తుగా ఉన్నట్టు. ఓపెన్‌లోనే ఉంటే నట్. నా పేజీలో వీటిలో మూడు కనిపిస్తున్నాయి, శాడిల్ ఎత్తుతో తీరేది అందులో ఒక్కటీ లేదు.

ఆదివారం: కొలతలు

ఆటోనగర్‌లో కొన్న ఫీలర్ గేజ్ (సందులు కొలిచే, వేర్వేరు మందాల స్టీలు ఆకుల కట్ట) బయటికి తీశాను. మెకానిక్‌లు బండికి టాపెట్ సెట్ చేసేది దీంతోనే, గిటార్ పనికి అచ్చం అదే సరిపోతుంది, గిటార్ టూల్ అని పేరు పెట్టి అమ్మేవాటికి రెట్టింపు రేటు పెట్టక్కర్లేదు. విజయవాడలో ఉన్నందుకు ఇదొక లాభం, ఇలాంటి సామాను ఏదైనా ఆటోనగర్‌లో దొరికేస్తుంది.

శ్రుతి సరిచేసి, ఒకటో ఫ్రెట్ దగ్గర కాపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, నాలుగో తీగని చివరి ఫ్రెట్ దగ్గర వేలితో నొక్కి ఎనిమిదో ఫ్రెట్ మీద తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు ఎంతుందో చూశాను. ఇలా నొక్కినప్పుడు తీగే తిన్నని స్కేలులా పనిచేస్తుంది. ఈ తరహా 9.5 అంగుళాల రేడియస్ (బోర్డు అడ్డవంపు వ్యాసార్ధం) నెక్‌లకి 0.012 అంగుళం, అంటే 0.3 మి.మీ. సందు ఉండాలని ఫెండర్ వాళ్ల సెటప్ గైడ్ చెబుతుంది. నా దాంట్లో అతి పల్చటి ఆకు కూడా దూరలేదు. తీగలు వదులు చేసి రెండడుగుల స్టీలు స్కేలు ఫ్రెట్ల మీద నిలబెడితే మధ్యలో ఆనుకుని అటూఇటూ ఊగుతోంది. అనుమానం లేదు, నెక్ వెనక్కి వంగింది.

ఎందుకు వంగిందో కూడా చెప్తాను, ఫ్రెట్లు మార్పించుకునే వాళ్లకి ముందే తెలియాల్సిన సంగతి ఇది. పీకేసిన పాత ఫ్రెట్లు కవర్లో పెట్టి ఇమ్మని ముందే అడిగి ఉంచాను, కొత్త వైరు ముక్క కూడా ఒకటి ఇచ్చాడు. వెర్నియర్ పెట్టి చూస్తే చెక్కలోకి దిగే కాలు పాతదాని కన్నా కొత్తదానికి 0.05 మి.మీ. లావుంది. ఒక్క ఫ్రెట్‌కి అదేం లెక్క కాదు. కానీ బోర్డులో కోసిన ఇరవై గాళ్లలో ఇరవై కాళ్లూ బిగుతుగా దిగ్గొడితే ప్రతిదీ గాడిని కొద్దికొద్దిగా తెరుస్తుంది, అంతా కలిపి ఫింగర్‌బోర్డు పైముఖం సాగడానికి ప్రయత్నిస్తుంది, నెక్ వెనక భాగం మాత్రం సాగదు, దాంతో మొత్తం వెనక్కి వంగుతుంది. దీనికి తోడు ఇది వానాకాలం, పైన పూత లేని రోజ్‌వుడ్ గాలిలో తేమ పీల్చుకుని ఉబ్బితే వంగేది అటువైపే. ఫ్రెట్లు కొట్టాక ట్రస్ రాడ్ (నెక్ వంపుని సరిచేయడానికి దాని లోపల ఉండే ఇనప కడ్డీ) వదులు చేసి ఇవ్వాల్సింది, పాత బిగుతు అలాగే ఉంచి తీగలు కట్టి ఇచ్చేశారు.

ఇంకో కొలత కూడా రాసుకున్నాను. పాత ఫ్రెట్ బోర్డు పైన ఉన్న ఎత్తు 0.8 మి.మీ., అరగకముందు 1.1 ఉండేదేమో. కొత్తది 1.4. నట్టూ శాడిళ్లూ పాతవే, వాటి ఎత్తు పాతదే. అంటే తీగలు ఎక్కడివక్కడే ఉన్నాయి, ఫ్రెట్లు 0.6 మి.మీ. పైకొచ్చాయి. నట్ దగ్గర అది చాలా పెద్ద తేడా.

ఆదివారం సాయంత్రం: ట్రస్ రాడ్

ముందు రాడ్ పనే చూడాలి. నెక్ తిన్నగా లేకుండా ఫ్రెట్లు కొలిచినా నట్ కోసినా రాడ్ తిప్పాక ఆ కొలతలన్నీ మారిపోతాయి.

ఒక జాగ్రత్త: నా రాడ్‌కి కావాల్సింది 3/16 అంగుళం అలెన్ కీ, అంటే 4.76 మి.మీ. ఇంట్లో ఉన్న మిల్లీమీటర్ సెట్టులో 5 దూరదు, 4.5 దూరి గిరగిరా తిరిగి రాడ్ చివరనున్న నట్ (తీగలు ఆనే నట్ కాదు, బిగించే నట్) మూలల్ని తినేస్తుంది. మూలలు పోతే ఆ తర్వాత ఖర్చు ఫ్రెట్లు మార్చినదానికన్నా ఎక్కువ. అంగుళాల సెట్టు వేరే కొనుక్కోవాల్సిందే.

పావు చుట్టు వదులు, మళ్లీ శ్రుతి, కాసేపు ఆగడం, కొలవడం, మళ్లీ పావు చుట్టు. కొద్దిగా కదిలింది, పల్చటి ఆకు దూరింది. రాత్రంతా తీగలు బిగించే వదిలేశాను. చెక్క వెంటనే చెప్పిన మాట వినదు, తెల్లారేసరికి ఇంకొంచెం వంగుతుంది.

సోమవారం

పొద్దున సందు 0.2 మి.మీ. ఉంది. ఒకటి నుంచి ఐదు ఫ్రెట్ల బజ్‌లో ముప్పావు వంతు పోయింది. హమ్మయ్య అనుకునేలోపు కొత్త శబ్దం ఒకటి మొదలైంది: మూడో తీగ మీద కొన్ని నోట్లకి నెక్ లోపల్నుంచి సన్నగా గలగలమంటోంది. ఫ్రెట్ బజ్ కాదని ఎలా తెలిసిందంటే, తీగని అస్సలు ముట్టుకోకుండా నెక్ వెనక పిడికిలితో తట్టినా అదే శబ్దం వస్తోంది. ట్రస్ రాడ్ పూర్తిగా వదులైపోయి గాడిలో కొట్టుకుంటోంది. అలెన్ కీ పెట్టి చూస్తే రాడ్ నట్ బిగువే లేకుండా తిరుగుతోంది.

ఇది కాస్త టెన్షన్ పెట్టింది. నా బాస్‌లో ఉన్నది ఒకవైపే పనిచేసే రాడ్, నెక్‌ని వెనక్కి లాగడమే దానికి చేతనవును. ముందుకు వంచే పని అంతా తీగల లాగుదే. రాడ్ వదిలేశాక కూడా కావాల్సిన 0.3 రాలేదంటే ఇక తీగలే దిక్కు. రెండువైపులా పనిచేసే రాడ్ ఉన్నవాళ్లకి ఈ గొడవ లేదు, అటు తిప్పితే అటు వంచేస్తుంది.

దారులు రెండు కనిపించాయి. మొత్తం ఫ్రెట్లు పీకి గాళ్లు కొంచెం వెడల్పు చేసి మళ్లీ కొట్టించడం ఒకటి. లావు తీగలు వేయడం రెండోది. ఒకే స్కేలు, ఒకే శ్రుతి ఉన్నప్పుడు తీగ లావెక్కితే లాగు పెరుగుతుంది. బాస్ తీగ ఒక్కోటి సుమారు 16 నుంచి 23 కిలోల బలంతో లాగుతుంది, నాలుగూ కలిస్తే 70 కిలోలు దాటుతుంది, కాబట్టి గేజ్ (తీగ లావు) ఒక మెట్టు పెంచినా నెక్‌కి బాగానే తెలుస్తుంది. 50-105 సెట్టు ఆర్డర్ పెట్టాను. మూడో దారి కూడా ఉందనుకోండి, బాస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్‌లా ఫ్రెట్లన్నీ పీకేసి బోర్డుకి ఎపాక్సీ పూసుకుని ఫ్రెట్‌లెస్ చేసేసుకోవడం. ఇవాళ ఒకట్రెండు సార్లు నిజంగానే అనిపించింది.

బుధవారం రాత్రి: పదమూడో ఫ్రెట్

తీగలు వచ్చేలోపు రెండో జబ్బు సంగతి చూశాను. చిన్న స్టీలు పట్టీ అంచుని పన్నెండు, పదమూడు, పద్నాలుగు ఫ్రెట్ల మీద ఒకేసారి ఆనించి రెండు చివరలా మార్చి మార్చి నొక్కాలి. టక్ టక్ అని ఊగితే మధ్య ఫ్రెట్ ఎత్తుగా ఉన్నట్టు. లావు తీగల వైపు కదల్లేదు, సన్న తీగల వైపుకొచ్చేసరికి టక్ టక్‌మంది.

ఇక్కడ చాలామంది వెంటనే ఆకురాయి అందుకుంటారు. ఒక్క నిమిషం ఆగి, చెక్క ముక్కతో ఆ ఫ్రెట్ చివరని గట్టిగా నొక్కి పట్టుకుని మళ్లీ పట్టీ పెట్టి చూడాలి. నొక్కినప్పుడు ఊగడం ఆగిపోయింది, వదలగానే మొదలైంది. అంటే ఫ్రెట్ ఎత్తుగా లేదు, పూర్తిగా కూర్చోలేదు. కూర్చోని ఫ్రెట్‌ని అరగదీస్తే ఇవాళ బాగానే ఉంటుంది, రేపెప్పుడో అది లోపలికి దిగితే అక్కడ గుంట మిగులుతుంది.

సన్న తీగలు రెండూ వదులు చేసి పక్కకి జరిపి, నెక్ కింద బియ్యం సంచి పెట్టి, నైలాన్ సుత్తితో మెల్లగా కొట్టాను. దిగింది, మళ్లీ లేచింది. ఊహించిందే. ఫ్రెట్‌కి రెండు వైపులా బోర్డు కనిపించకుండా మాస్కింగ్ టేప్ వేసి, సూది మొనతో ఫెవిక్విక్ చుక్క ఒకటి ఫ్రెట్ చివర కింద అంటించాను. పల్చటి జిగురు కాబట్టి సందులోకి అదే పీల్చుకుపోతుంది. వెంటనే బోర్డు వంపుకి తగ్గట్టు అరగదీసిన చెక్క ముక్క పెట్టి సీ-క్లాంపు బిగించి వదిలేశాను. నెక్ వెనక క్లాంపు కింద తోలు ముక్క పెట్టడం మర్చిపోకూడదు, లేకపోతే అచ్చు పడిపోతుంది.

గురువారం

క్లాంపు తీశాక పట్టీ పెడితే ఊగడం దాదాపు పోయింది, వెంట్రుకవాసి మిగిలింది. ఇప్పుడు ఆకురాయి తీయొచ్చు. ఫ్రెట్ తలకి మార్కర్ పూసి, నున్నటి ఆకురాయితో నాలుగైదు సార్లు రాసి, మళ్లీ పట్టీ. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఒకటో తీగ బతికింది. తల చదునైన చోట మూడు పలకల ఆకురాయితో మళ్లీ గుండ్రం చేశాను (దాని అంచుల్ని ముందే రాయి మీద నూరి మొద్దు చేసుకోవాలి, లేకపోతే బోర్డు గీసుకుపోతుంది). తల మీద మార్కర్ గీత దారమంత సన్నగా మిగిలేదాకా గుండ్రం చేస్తే చాలు, ఆ గీత కూడా పోయిందంటే ఎత్తు తగ్గించేసినట్టే. తర్వాత 400, 600, 1000 వాటర్ పేపర్లు. స్టీల్ ఊల్ వాడలేదు, దాని పొట్టు పికప్ అయస్కాంతాలకి పట్టుకుంటే వదలదు. ఆకురాయి రజనుతో కూడా జాగ్రత్తే మంచిదని పికప్ మీద టేప్ వేసే ఉంచాను.

శనివారం: లావు తీగలు, నట్

50-105 సెట్టు ఎక్కించాను. రాత్రి గడిచాక చూస్తే సందు 0.4 మి.మీ. దాకా వచ్చింది, అంటే ఇప్పుడు రాడ్‌కి పని దొరికింది. 0.3 వచ్చేదాకా నెమ్మదిగా బిగించాను, రాడ్‌కి బిగువు వచ్చింది, లోపలి గలగల పూర్తిగా పోయింది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది ఇదే, తీగల ఖర్చుతో పోయే పనికి ఫ్రెట్లు పీకించే అవసరం తప్పింది.

ఇక నట్. పరీక్ష తేలిక: తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి ఒకటో ఫ్రెట్ మీద సందు చూడాలి. మూడు ఫ్రెట్ల దూరమే కాబట్టి నెక్ వంపు ప్రభావం దాదాపు ఉండదు, ఇది నట్ గాడి లోతునే చెబుతుంది. 0.1 నుంచి 0.2 మి.మీ. ఉంటే నాకు ఇష్టం. ఒకటి, రెండు తీగలకి సరిగ్గా అంతే ఉంది. మూడో దానికి బొటాబొటి. నాలుగోది ఒకటో ఫ్రెట్ మీద పడుకుని ఉంది. పాత ఫ్రెట్లు అరిగినకొద్దీ ఎవరో ఈ గాడిని లోతు చేస్తూ వచ్చి ఉంటారు, అరిగిన 0.8 ఎత్తుకి సరిపోయిన గాడి 1.4 ఎత్తుకి ఎలా సరిపోతుంది? ఓపెన్ ఈ అంటే 41 హెర్ట్జ్, తీగ అంత నెమ్మదిగా అంత వెడల్పుగా ఊగుతున్నప్పుడు దానికి చోటు కావాలి.

లావు తీగ పాత గాడిలోకి పూర్తిగా దిగక కొంచెం పైనే ఇరుక్కోవడం వల్ల బజ్ ముందుకన్నా తగ్గినట్టనిపించింది గానీ దాన్ని నమ్మకూడదు. అలా ఇరుక్కున్న తీగ శ్రుతి చేసేటప్పుడు టింగుమని జారుతుంది, శ్రుతి నిలవదు. నిర్ధారణ కోసం గాడిలో తీగ కింద విజిటింగ్ కార్డు ముక్క సన్నగా కోసి పెట్టాను, ఓపెన్ బజ్ మాయమైంది.

ఇంకోటి కూడా బయటపడింది. మూడో తీగ ఓపెన్‌లో బజ్ లేదు గానీ తంబురాలో దారం పెట్టినప్పుడు పలికే జీర లాంటిది పలుకుతోంది. భూతద్దం పెట్టి చూస్తే గాడి ఎత్తైన చోటు బోర్డు వైపు అంచున కాకుండా కొంచెం వెనక ఉంది, తీగ గాడి లోపలే నేలని తాకుతూ వదులుతూ ఊగుతోంది. గాడి హెడ్‌స్టాక్ (శ్రుతి బిరడాలుండే చివరి భాగం) వైపుకి వాలుగా దిగాలి, తీగ బోర్డు వైపు అంచు మీదనుంచే లేవాలి. సన్నటి ఆకురాయితో వెనక వైపు వాలు పెంచితే జీర పోయింది, ఎత్తు ఒక్క పిసరు కూడా తగ్గలేదు.

నాలుగో గాడికి వంటసోడా-ఫెవిక్విక్ చిట్కా వేశాను. గాడిలో పొడి నింపి చుక్క వేస్తే క్షణంలో రాయిలా గట్టిపడుతుంది, కాస్త పొగ వస్తుంది కాబట్టి మొహం దూరంగా పెట్టాలి. కొత్త గాడి కోయడానికి ఇంత లావు నట్ ఫైల్ నా దగ్గర లేదు. పాత సెట్టులోని 100 తీగ ముక్క తీసుకున్నాను, దాని లావు 2.54 మి.మీ., పల్చటి వాటర్ పేపర్ ఒక చుట్టు చుడితే కొత్త 105 తీగ లావైన 2.67 కన్నా పిసరంత ఎక్కువ వస్తుంది, కావాల్సింది అంతే. కొంచెం రాయడం, తీగ వేసి మూడో ఫ్రెట్ నొక్కి చూడడం, మళ్లీ రాయడం. సందు 0.2 రాగానే ఆపేశాను. మిగతా మూడు గాళ్లు కొత్త గేజ్‌కి తగ్గట్టు వెడల్పు మాత్రం చేశాను, లోతు ముట్టుకోలేదు.

నా దృష్టిలో ఈ సోడా అతుకు తాత్కాలికమే. సన్న గిటార్ తీగ కింద ఏళ్లు నిలుస్తుందేమో గానీ, బాస్ నాలుగో తీగ చుట్టు వైరు ఆకురాయిలాంటిదే, తినేస్తుంది.

ఆదివారం: శాడిళ్లు

ఇప్పుడు బ్రిడ్జ్ వంతు వచ్చింది. పదిహేడో ఫ్రెట్ దగ్గర కొలిస్తే నాలుగో తీగ 2.1 మి.మీ., ఒకటోది 1.7 ఉన్నాయి. గైడులో 6/64, 5/64 అంగుళాలు, అంటే ఇంచుమించు 2.4, 2.0. అందరూ మొదట్లోనే చేయమన్న పని చివరికి చేశాను, కాకపోతే శాడిళ్లు 0.6 మి.మీ. లేపితే చాలింది. పదిహేడో ఫ్రెట్ ఇంచుమించు స్కేలులో మూడింట రెండొంతుల దూరంలో ఉంటుంది కాబట్టి అక్కడ 0.3-0.4 తేడా రావాలంటే బ్రిడ్జ్ దగ్గర అంత లేపాలి. మధ్య తీగలు రెండూ బోర్డు వంపుని అనుసరించేలా సరిచేశాను.

ఇంటొనేషన్ (ఫ్రెట్లు నొక్కినప్పుడు నోట్లు శ్రుతిలో పలకడం) మారిపోయింది, మారకుండా ఎలా ఉంటుంది, తీగలు మారాయి, ఫ్రెట్ ఎత్తు మారింది, యాక్షన్ మారింది. పన్నెండో ఫ్రెట్ హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి మీటితే వచ్చే నోటు), అక్కడే నొక్కిన నోటు ట్యూనర్‌లో ఒకటయ్యేదాకా శాడిళ్లు జరిపాను. నాలుగోది బాగా వెనక్కి వెళ్లింది. ఎత్తైన ఫ్రెట్ల మీద గట్టిగా నొక్కితే నోటు షార్ప్ అవుతుంది, కొలిచేటప్పుడు వాయించేంత బలంతోనే నొక్కాలి.

ప్రస్తుత స్థితి

నోట్‌బుక్ పేజీ మళ్లీ గీసి మొత్తం వాయించాను. ఇంటూలు పడ్డవి: నాలుగో తీగ మూడు, నాలుగు ఫ్రెట్లలో గట్టిగా కొడితే కొద్దిగా. ఆంప్‌లో వింటే అది వినిపించదు, డ్రమ్స్ మొదలైతే నాకే వినిపించదు. రౌండ్‌వౌండ్ తీగలకి ఆ మాత్రం గుర్రు ఉంటేనే నాకు బాగుంటుంది, ప్లెక్ట్రమ్‌తో (మీటడానికి పట్టుకునే చిన్న బిళ్లతో) బాదేవాళ్లయితే ఇంకో 0.2 లేపుకోవచ్చు.

మిగిలిన పనులు: ఎముక నట్ ముక్క ఆర్డర్ పెట్టాను, వచ్చాక సోడా అతుకున్న పాతది పీకి కొత్తది కోయాలి. వానలు తగ్గి గాలి పొడిగా మారాక ఎనిమిదో ఫ్రెట్ దగ్గర సందు మళ్లీ కొలవాలి, అప్పటికి 0.3 దాటుతుందనే అనుకుంటున్నాను, దాటితే రాడ్ పావు చుట్టు బిగించాలి. పదమూడో ఫ్రెట్ జిగురు నిలబడిందో లేదో కూడా అప్పుడే చూస్తాను.